తేరును ఎత్తుకుపోయే ఊళ్లు

ఇంద్రావతీ తీరాన ఉన్న జగదల్‌పూర్ పట్టణంలో ఏటా విజయదశమి రాత్రి ఒక దొంగతనం జరుగుతుంది. ఎనిమిది చక్రాల కొయ్యతేరును గిరిజనులు గుంపులు గుంపులుగా లాగుకొని ఊరి వెలుపల కుమ్డాకోట్ అనే చోటికి తరలించుకుపోతారు. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అడ్డుపడరు. మరునాడు రాజవంశీకుడు తేరును వెదుక్కుంటూ అక్కడికి వెళ్లాలి. వారి పంక్తిని కూర్చుని కొత్త బియ్యపు అన్నం తినాలి. అప్పుడు గాని తేరు తిరిగి పట్టణంలో అడుగుపెట్టదు.

ఇది బస్తర్ దసరా. ఇందులో రాముడు లేడు, రావణ దహనం లేదు. ఉత్సవమంతా దంతేశ్వరీ దేవిది. శ్రావణమాసపు హరేలీ అమావాస్యనాడు రథానికి తెచ్చిన తొలి దుంగకు పూజ చేయడంతో మొదలై డెబ్బయి అయిదు రోజులు సాగుతుంది. తెలుగువారికి ఈ నేల పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ సంప్రదాయం చెబుతుంది. రథోత్సవాన్ని ఆ వంశీకుడే అయిన పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర తరవాత ప్రారంభించాడని మరొక కథనం.

తేరు తయారీని చూస్తే ఈ ఉత్సవపు అసలు బలం బోధపడుతుంది. దీనికి గుత్తేదారు లేడు. అడవినుంచి సాల వృక్షపు దుంగలు కొన్ని ఊళ్లవారు తెస్తారు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు గ్రామాల వడ్రంగులు బాడితలతో, ఉలులతో వాటిని చెక్కి రథంగా కూరుస్తారు. అడ్డతీగ నారతో మోకులు పేనడం కరంజీ, కేసర్‌పాల్, సోనాబాల్ గ్రామాల వంతు. పెద్ద తేరును లాగే హక్కు కిలేపాల్ ప్రాంతపు మాడియాలది. ఒక ఊరు తన వంతు పని మానుకుంటే రథం కదలదు. అందుచేత ఏ ఊరూ చిన్నది కాదు.

రాజు సైతం ఈ నియమాలకు లోబడినవాడే. ఉత్సవానికి అనుమతి ఇవ్వవలసినది మిర్గాన్ కులపు బాలిక. కాఛన్ దేవి ఆవహించిన ఆ పిల్లను ముళ్ల ఊయలపై పరుండబెడతారు. సింహాసనంపై కూర్చునేవాడు ఆమె ఎదుట నిలిచి అనుజ్ఞ కోరాలి. ఏడాది పొడవునా ఆజ్ఞాపించేవాడు ఈ కొద్దిరోజులూ అడిగి తీసుకునేవాడవుతాడు. అనుజ్ఞతో మొదలై, తేరు దొంగతనంతో ముగిసే ఈ క్రీడలో అధికారం ఎవరి సహకారంపై నిలిచి ఉన్నదో అందరి కళ్లకూ కనిపిస్తుంది.

అయితే క్రీడలో కనిపించిన సమానత్వం బ్రతుకులోనూ ఉంటుందనుకోవడం పొరపాటు. 1876లో దివాను, అతని ఉద్యోగుల అక్రమాలను సహించలేక మురియాలు తిరగబడి జగదల్‌పూర్‌ను ముట్టడించారు. ఆ ఏడాదే మార్చి 8న మురియా దర్బారు తొలిసారి సమావేశమయింది. నాటినుంచి అది దసరాలో ఒక అంగమయింది. పరగణాల మాంఝీలు, చాల్కీలు తమ ఊళ్ల కష్టాలను దర్బారులో నివేదిస్తారు. ఒకప్పుడు వినేవాడు రాజు. నేడు రాష్ట్ర ముఖ్యమంత్రి వచ్చి వింటున్నారు. తేరు లాగిన చేతులకే మాట్లాడే హక్కు కూడా ఉన్నదని ఆ దర్బారు గుర్తుచేస్తుంది.

పదిమంది కలిసి ఒక పని తలపెట్టినప్పుడు ముందుగా దానిని ఆటగా ఆడి చూడడం ఎంత మేలో ఆధునిక పరిశోధకులు కూడా గ్రహించారు. బస్తర్‌కు దక్షిణాన, ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భజలం అడుగంటుతున్న గట్టిరాతి మెట్టప్రాంతాలలో 2013లో అలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. ఫౌండేషన్ ఫర్ ఎకొలాజికల్ సెక్యూరిటీ వంటి స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్ డిక్, ఆమె సహచరులు కలిసి రైతుల చేత ఒక ఆట ఆడించారు. ఆటగాళ్లందరికీ భూగర్భంలోని నీరు ఒక్కటే. ప్రతి ఏడూ ఒక్కొక్కరు రెండు పంటలలో ఒకటి ఎన్నుకోవాలి. ఒకటి తక్కువ నీటితో తక్కువ రాబడినిచ్చేది. రెండవది ఎక్కువ నీరు త్రాగి ఎక్కువ డబ్బు తెచ్చేది. అందరూ రెండవదాని వెంటపడితే ఆట ముగియకముందే నీరు ఇంకిపోతుంది.

ఆట తరవాత ఊరంతా కూర్చుని చర్చించుకునేది. మరుసటి ఏడు కొద్ది మార్పులతో మళ్లీ ఆడారు. మొదటి ఏడు ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకున్నా ఫలితం మారలేదు. రెండవ ఏట మాత్రం మాట్లాడుకున్న జట్లు నీటిని ఎక్కువగా నిలుపుకోగలిగాయి. ఆడినదానినిబట్టి డబ్బు ఇచ్చినా పంటల ఎంపికలో తేడా రాలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వేరొకటి ఉంది. ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకుని, వాడకానికి కట్టుబాట్లు చేసుకున్నవి, అదే కార్యక్రమంలో ఉండి ఆట ఆడని ఊళ్లకంటే చెప్పుకోదగినంత ఎక్కువగా ఉన్నాయి. ఆట ఒక్కటే బావులను నింపలేదని ఆ పరిశోధకులే హెచ్చరించారు. కాని కంటికి కనిపించని ఉమ్మడి నీటిని అది కంటి ముందు నిలిపింది.

బస్తర్ తేరు నేర్పేదీ ఇదే పాఠం. నియమాలు అందరివీ అయినప్పుడు పని అందరిదీ అవుతుంది. కాని ఆటలో అంగీకరించినది ఆట ముగిశాక కట్టుబాటుగా మారకపోతే అది వేడుకగానే మిగిలిపోతుంది. బస్తర్ ఇందుకు ప్రియమైన మూల్యం చెల్లించింది. 1966 మార్చి 25న, గిరిజనులు ఎంతో ఆరాధించిన మాజీ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌తో పాటు అనేకులు జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులకు బలి అయ్యారు. వారి గొంతును వినవలసిన ప్రభుత్వమే ఆనాడు తుపాకితో బదులిచ్చింది.

అయినా తేరు ఆగలేదు. నేడు దానిపై రాజు ఉండడు. దంతేశ్వరీ దేవి ఛత్రం మాత్రమే ఊరేగుతుంది. పీఠం మీది మనిషి మారినా వడ్రంగి వంతు వడ్రంగిదే, మోకు వంతు మోకుదే. దర్బారులో విన్నవించుకున్న ఒక్కొక్క మాటా మరుసటి దసరాలోగా కార్యరూపం ధరించడమే ఆ చేతులకు చెల్లవలసిన అసలైన కూలి.