అయిదింటికి పనికి పిలిచినాయన

పోస్ట్ కొంచెం పొడుగు ఉంటది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

గ్రూప్-2 ప్రిపరేషన్ ఆపి సేవకు పోతున్నానని తెలిసినప్పటి నుంచి చాలామంది ఫోన్ చేస్తున్నరు. కొందరు ప్రేమతోని, కొందరు కోపంతోని. "తండా నుంచి ఒక ఆఫీసర్ వస్తడనుకుంటే పాస్టర్ వస్తున్నడా" అని ఒక అన్న అన్నడు. నాకు ఈ రూమ్ చూపించి, మొదటి నెల కిరాయి కట్టింది ఆ అన్ననే. ఆయనకైనా నేను జవాబు చెప్పాలె.

మాది డోర్నకల్ దగ్గర తండా. మూడేండ్లుగా శ్రీనగర్ కాలనీలో, ఎల్లారెడ్డిగూడ వైపు, ఒక బిల్డింగ్ మీద రేకుల రూమ్‌లో నలుగురం ఉంటున్నం. పొద్దున అమీర్‌పేట్ మైత్రీవనం దాకా నడక, కోచింగ్, సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్. ఇటు పక్కనే బంజారాహిల్స్. మనోళ్ల పేరు పెట్టుకున్న గుట్టల మీద మనకు కిరాయికి కూడా రూమ్ దొరకదని మేం నవ్వుకుంటం.

ఇక్కడ పొద్దున లేస్తే వినే మాట "అర్హత". కటాఫ్, ర్యాంక్, సర్టిఫికెట్, వెరిఫికేషన్. కోచింగ్‌లో ఒకాయన మా ముఖం మీదనే "మీకేంది, తక్కువ మార్కులకే వస్తది" అన్నడు. ఇది ఎవరి దయా కాదు, రాజ్యాంగం 16(4) చదువుకోండి అని అక్కడనే చెప్పిన. ఇప్పటికీ అదే చెప్తా. ఎందుకు రాస్తున్నానంటే, "కృప" అనే మాటను మనలో చాలామంది అనుమానంగా చూస్తరు. దొరల దయ, పటేళ్ల దయ, ఫారెస్టోళ్ల దయ చూసినోళ్లకు ఆ అనుమానం రావడం న్యాయమే. కానీ గవర్నమెంట్ దగ్గర నాకు రావాల్సింది హక్కు. దానికోసం కొట్లాడుతా, పాస్టర్ అయినంక కూడా. దేవుని దగ్గర లెక్క తీస్తే నాకు రావాల్సింది ఏమీ లేదు. అయినా ఇచ్చిండు. నేను కృప అనేది దాన్ని.

దీన్ని నాకు బాగా అర్థం చేయించింది ఏ ప్రసంగీకుడూ కాదు, మా బాపు. ఆయన మందిరానికి రాడు, యాడి ఒక్కతే వస్తది. నా చిన్నప్పుడు కరువు ఏండ్లల్ల హైదరాబాద్ వచ్చి అడ్డా మీద నిలబడి కూలి చేసినోడు. మొన్న కంటి చెకప్‌కని వచ్చి రెండు రోజులు మా రూమ్‌లో ఉన్నడు. పొద్దున టిఫిన్‌కు పోతుంటే కృష్ణానగర్ వైపు అడ్డా కనిపించింది. పెయింట్ బ్రష్షులు, తాపీలు, టిఫిన్ డబ్బాలు పట్టుకొని జనం. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉన్న కథ అక్కడనే చెప్పిన. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కొందరిని కూలికి పిలుస్తడు. తర్వాత ఇంకొందరిని. పొద్దు గూకే ముందు, మన లెక్కన సాయంత్రం అయిదింటికి, ఇంకా నిలబడే ఉన్నోళ్లను కూడా పిలుస్తడు. చివరికి అందరికీ ఒకే కూలి ఇస్తడు. పొద్దున వచ్చినోళ్లు గొడవ పెట్టుకుంటరు.

నేనైతే ఆ గొడవ గురించే మాట్లాడతడనుకున్న. బాపు అడిగింది వేరే. "అయిదింటిదాక అడ్డా మీద ఎవరుంటరో తెలుసా నీకు? ముసలోళ్లు. చెయ్యి పడిపోయినోళ్లు. మేస్త్రీ పొద్దుగాలనే చూసి వద్దన్నోళ్లు. ఉత్తచేతులతోని ఇంటికి పోలేక నిలబడతరు." కొంతసేపు ఊకున్నడు. మళ్ల, "పొద్దంత కూలి ఇచ్చిండంటే, ఆ ఆసామికి వాళ్ల ఇంట్ల తినేటోళ్లు ఎంతమందో ఎరుకున్నది" అన్నడు. అంతే. ఛాయ్ తాగి దవాఖానకు పోయినం.

ఇక పిలుపు సంగతి. నాకు కల రాలేదు, ఆకాశం నుంచి గొంతు వినపడలేదు. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు పక్క తండాలో ఒక ముసలమ్మ చనిపోయింది. అయ్యగారికి చాలా ఊర్లున్నయ్, ఆ పూట రాలేకపోయిండు. చదువుకున్నోడివి, నువ్వే వాక్యం చదువు అన్నరు. తెలుగులో చదివి, తర్వాత మన గోర్‌బోలీలో చెప్పిన. సమాధి కాడ ఒక ఆమె నా చెయ్యి పట్టుకొని, "ఇన్నేండ్లు తెలుగులనే విన్న బిడ్డా. మళ్లెప్పుడు వస్తవ్?" అన్నది. ఆ ప్రశ్నతోనే డోర్నకల్‌లో రైలెక్కిన. పాలిటీ పుస్తకం ముందు పెట్టుకున్నా ఆ ప్రశ్న పోలేదు.

డోర్నకల్ అంటే చాలామందికి రైల్వే జంక్షనే తెలుసు. ఆ ఊరికి ఇట్లనే వచ్చిన ఒకాయన ఉన్నడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిండు. వైఎంసీఏలో మంచి పని, దేశాలు తిరిగిన మనిషి. 1903లో తమిళ క్రైస్తవుల సొంత పైసలతోని ఒక మిషనరీ సంఘం పెట్టడంలో ముందున్నడు. వేరేవాళ్లను పంపుడేనా, నేను పోవద్దా అనే ప్రశ్న ఆయనకూ వచ్చింది. 1909లో, ముప్పై అయిదేండ్ల వయసులో, నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కు వచ్చిండు. తెలుగు రాదు, మళ్లీ అక్షరాలు దిద్దినట్టే. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందే, మీరు త్యాగాలు చేసిండ్రు గానీ మాకు స్నేహితులు కావాలె అనే అర్థం వచ్చేటట్టు మాట్లాడిండు. ఈ మాటకే నాకు ఆయనంటే ఇష్టం. కృపను నమ్మినోడు ఎవని ముందూ వంగి నిలబడాల్సిన పని లేదని ఆయన్ని చూస్తే తెలుస్తది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందిండు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్‌ను వదల్లేదు. 1939లో ప్రతిష్ఠ చేసిన అక్కడి కేథడ్రల్ చూడండి, గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు అన్నీ ఒక్కచోట ఉంటయ్.

ఆయన సంఘంలో చేరినోళ్లు ఎక్కువమంది మాల, మాదిగలు. ఆ మతమార్పిళ్లను గాంధీ గారు ఒప్పుకోలేదు, ఇద్దరికీ దాని మీద వాదం నడిచింది. మన గ్రూప్‌లో కూడా అదే వాదం నడుస్తది, నడవనీయండి. నా సంగతి అడిగినోళ్లకు మాత్రం: తీజ్‌కు చెల్లె గోధుమ మొలకల బుట్ట నేనే మోస్తా. గోర్‌బోలీ వదలను, అసలు దానికోసమే పోతున్న. సర్టిఫికెట్ పోతదని భయపెట్టేటోళ్లకు ఒక మాట. మతం షరతు ఉన్నది 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో. ఎస్టీ ఉత్తర్వులో అది లేదు.

పైసల మాట. చెల్లె నర్సింగ్ రెండో సంవత్సరం. బోరు అప్పు ఇంకా ఉన్నది. కృపను నమ్మితే అప్పు తీరిపోతదని చెప్పే ప్రసంగాలు నాకు పడవు, మిత్తి ప్రతి నెలా వస్తనే ఉంటది. చెల్లె ఫీజుకు ట్యూషన్లు ఆపను, సెలవుల్లో పత్తి ఏరుడుకు పోతా. రాత్రి ఒంటిగంటకు నాకు కూడా గుండె దడ వస్తది. అప్పుడు చెప్పుకునేది ఒక్కటే, పిలిచినాయనకు మా ఇంట్ల తినేటోళ్లు ఎంతమందో ఎరుకున్నది.

యాడి ఏడ్చింది, తర్వాత ప్రార్థన చేసింది. బాపు ఇంకా సరే అనలేదు. మొన్న ఫోన్ చేసి మాత్రం, "ఆడ హాస్టల్ల అన్నం మంచిగ పెడతరా?" అని అడిగిండు. జూన్‌లో చేరాలె, నాలుగేండ్ల బీడీ కోర్సు. ఆ పేరు మీద మా రూమోళ్లు జోకులు ఆపట్లేదు, బాపుకు ఆ పొడి అక్షరాలు ఇంకా చెప్పలేదు.

తమ్ముళ్లూ, నా దగ్గర పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకాలు, చేతితో రాసిన నోట్స్ ఆరు ఉన్నయ్. పైసలు వద్దు. నెలాఖరు లోపల మెసేజ్ పెట్టి రూమ్‌కు వచ్చి తీసుకపోండి. మొదటిసారి రాస్తున్నోళ్లకు ముందు ఇస్తా. మా రూమ్‌లో ఒక బెడ్ కూడా ఖాళీ అవుతున్నది.