నాయనమ్మ గాజు

తెలుగులో గాజు అనగా చేతికి తొడుగుకొనేది. గాజు అనగా పగిలిపోయే పదార్థము కూడా. సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ రెండర్థాలను వ్రాసుకొన్ననాడు మాకు నాయనమ్మ పెట్టెలోని ఆకుపచ్చని జేడ్ గాజు గుర్తుకు వచ్చింది.

మా ముత్తాతగారు ఉత్తరాంధ్ర నుండి ఒప్పంద కూలీగా మలయా చేరారు. 1910లో ఆ పద్ధతి రద్దయ్యేనాటికి పెరాక్ తోటలలోనే స్థిరపడ్డారు. 1941 డిసెంబరులో జపాను సైన్యము దిగిన పిమ్మట చీనావారికి కష్టకాలము వచ్చింది. పొరుగున ఉన్న ఒక చీనా తల్లికీ, ఆమె బిడ్డలకూ నాయనమ్మ తన గంజిలోనే పాలు పంచిపెట్టింది. 1945లో యుద్ధము ముగియగానే ఆ తల్లి తన చేతి గాజు తీసి నాయనమ్మకు తొడిగింది. ముప్పై ఏళ్ళు అది ఆమె చేతిని విడువలేదు.

1975లో మా చదువుకై దానిని అమ్మజూపినాము. దుకాణదారుడు వెలుతురుకు ఎత్తి చూచి, "ఇది రంగు అద్దినది" అన్నాడు. చీనామె మోసగించిందని మేమంతా నవ్వాము. నాయనమ్మ ఏమీ అనలేదు. సబ్బునీళ్ళతో తీసిన ఆ గాజును మరల తొడుగుకొనలేదు.

ఇన్నేళ్ళకు న్యూజెర్సీలో మా మనవరాలు దానిని పట్టుకొని, "తాతయ్యా, ఇది నిజమైనదేనా?" అని అడిగింది.

మనవారు పచ్చ అనేది మరకతమును; జేడ్ వేరు. జేడ్ అన్న పేరుతో రెండు రాళ్ళున్నవి, జేడైటు, నెఫ్రైటు. అవి వేర్వేరు ఖనిజములని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు దామూర్ 1863లో తేల్చాడు. గీచి చూచుట, సూదిని కాల్చి గుచ్చుట వంటివి రాయిని పాడుచేయును, తూచుట చేయదు. గాజు 50.1 గ్రాములు తూగింది. నీటి గిన్నెను త్రాసుపై ఉంచి, సున్నా చేసి, గాజును దారముతో అడుగు తగలకుండా ముంచగా 15.0 గ్రాములు చూపింది. భాగిస్తే 3.34. జేడైటు సాంద్రత అదే. నెఫ్రైటుకు సుమారు 2.95, మామూలు గాజు పదార్థమునకు 2.5.

అయితే తూకము రాయి ఏదో చెప్పునే గాని రంగు సంగతి చెప్పదు. అద్దిన రంగు సన్నని పగుళ్ళలోను, రేణువుల సందులలోను సాలెగూడువలె చేరును. పది రెట్లు పెంచి చూపే భూతద్దములో మాకు అట్టి గీతలు కానరాలేదు. సహజమైన పచ్చదనము క్రోమియము వలన రాతిలోనే పుట్టును. కంటిని నమ్మక గాజును ప్రయోగశాలకు పంపాము. వర్ణపటములో రంగును, పరారుణ కిరణములతో లోపల నింపిన జిగురును కనిపెట్టగలరు. కొన్ని వారాలకు నివేదిక వచ్చింది: జేడైటు, సహజమైన రంగు, జిగురు లేదు. లేతరంగు గనుక వెల కొద్దిపాటిదే.

మనవరాలు సంతోషించింది. పిదప, "మరి ముత్తవ్వ ఎందుకు తొడుగుకోలేదు?" అని అడిగింది. మేము నవ్విన సంగతి చెప్పక తప్పలేదు.

ముప్పై ఏళ్ళు బడిలో సాంద్రత పాఠము చెప్పినవారము మేము. ప్రతి ఏడూ పిల్లల ఎదుట రాళ్ళను నీటిలో ముంచి తూచినాము. నాయనమ్మ బ్రతికి ఉండగా ఆ ఒక్క రాయిని తూచాలని మాకు తోచలేదు. ఒక బేరగాని మాటను నమ్మినంత సులువుగా ఆమె స్నేహితురాలిని నమ్మలేకపోయాము.

గాజు ఇప్పుడు మనవరాలి చేతికి కొంచెము వదులు. పండుగనాడు తొడుగుకొంటుంది. ఎవరిచ్చారని అడిగితే, ఆ చీనా తల్లి కథను తెలుగులోనే చెప్పుతుంది.