మాత్రల షీటు మీది గళ్ళ చతురస్రం

మొన్న మా వీధి పెద్దాయనొకరిని పరీక్షల నిమిత్తం కారులో విజయవాడకు తీసుకువెళ్ళాను. ఆయనకు రెండు వారాలుగా పాదాల వాపు. దావులూరు టోల్‌గేటు వద్ద కడ్డీ దానంతటదే లేవగానే, "మనమెవరమో దానికెలా తెలిసిందండీ డాక్టరుగారూ?" అన్నారు.

మీలో కొందరికీ ఆ సందేహముండవచ్చు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. పైనున్న యంత్రం పంపే రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొని తన సంఖ్యను తెలుపుతుంది. మిగిలిన వివరాలన్నీ ఎక్కడో కంప్యూటర్లలో ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారుల టోల్‌గేట్లలో దీనిని తప్పనిసరి చేశారు.

"మరి నా బిళ్ళలు కూడా ఇలా మాట్లాడితే బాగుండును" అంటూ ఆయన సంచి విప్పారు. రెండు షీట్లు, రెండు పేర్లు, రెండు రంగులు. ఒకదాని మీద గళ్ళ చతురస్రం, అదే క్యూఆర్ కోడ్, ఉన్నది. ఫోను కెమెరా చూపగానే ఆమ్లోడిపిన్ అనే అసలు పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ కనిపించాయి. రెండవది కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రల ముక్క. దాని మీద గడువు లేదు, పేరులో సగమే మిగిలింది. చీటీతో సరిపోల్చగా అదీ ఆమ్లోడిపినే! ఒకటి బి.పి.కి, మరొకటి గుండెకు అనుకొని రెండూ వేసుకుంటున్నారు. ఈ మందు మోతాదు పెరిగితే పాదాలు వాయడం మాకు తెలిసిన విషయమే.

మొదటిది పదవీ విరమణకు ముందు నేను వ్రాసినదే. ఉదయపు నడకలో రోజూ కలుస్తూ కూడా, "ఏమేమి వాడుతున్నారు?" అని ఒక్కనాడైనా నేనడగలేదు.

వైద్యుడు రెండవది ఆపించాక వాపు తగ్గింది. (మీరు మాత్రం సొంతంగా ఏ మందూ ఆపకండి.)

2022 నవంబరులో వెలువడిన కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరొందిన బ్రాండ్ల మందులకు ఈ కోడ్ గానీ బార్‌కోడ్ గానీ తప్పనిసరి. మిగతావాటిపై లేకపోవచ్చు. షీటు మీద చోటు చాలకపోతే అట్టపెట్టెపై ముద్రించవచ్చునట. ఆ పెట్టె దుకాణంలోనే ఉండిపోతుంది కదా! పైగా ఆ చతురస్రం ఒక మందు సంగతే చెబుతుంది. సంచిలోని రెండవ మందు సంగతి దానికి తెలియదు. కనుక డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు ఇంట్లోని మందులన్నీ, సగం వాడినవి సైతం, వెంట తీసుకువెళ్ళండి. షీటు కత్తిరించక తప్పకపోతే, పేరూ గడువూ ఉన్న ముక్కనే అడగండి.

పెద్దాయన ఇప్పుడు పూర్తి షీటు ఇవ్వనిదే కదలడం లేదట. మందుల దుకాణంలోని కుర్రవాడు నిన్న నాకే ఫిర్యాదు చేశాడు.