ఈసారి సముద్రం దాటేది పనికి కాదు

కోనసీమవారికి సముద్రం దాటడం కొత్త కాదు. గౌతమీ తీరాన, యానాంకు చేరువనున్న కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలోనే మన ప్రాంతపు కూలీలు బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కారు. బర్మాలో తెలుగు కూలీలను ఆ రేవు పేరుతోనే ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఓడలు పోయి విమానాలు వచ్చాయి. కువైట్‌కో, ఖతర్‌కో, మస్కట్‌కో మనిషిని పంపని వీధి నేడు రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల్లో అరుదు. అయితే అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒకటుంది. హజ్, ఉమ్రా యాత్రల మాట అటుంచితే, మన ఇళ్లలో ఎవరైనా పాస్‌పోర్టు తీయించుకున్నారంటే పనికి పోతున్నారనే అర్థం. ఇంటిల్లిపాదీ కలిసి, విశ్రాంతి కోసం, అల్లాహ్ సృష్టిని కళ్లారా చూడడం కోసం సముద్రం దాటిన కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయి?

మా ఇంట్లోనూ ఇంతవరకు అటువంటి ప్రయాణం జరగలేదు. వచ్చే సంక్రాంతి సెలవుల్లో, ఇన్షా అల్లాహ్, ఎనిమిది మందిమి శ్రీలంక వెళ్లాలని అనుకున్నాము. ఖతర్‌లో పనిచేస్తున్న మా తమ్ముడికి రెండేళ్లకొకసారి దొరికే నలభై రోజుల సెలవు ఆ నెలలోనే పడింది. పిల్లలకు బడులు ఉండవు. గత మూడు మాసాలుగా ఇషా నమాజు తరువాత మా అరుగు మీద జరిగిన చర్చలన్నీ దీని గురించే. ఆ చర్చల్లో మేము తెలుసుకున్న సంగతులు ఇతర కుటుంబాలకు కూడా పనికి రావచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి ప్రశ్న అమ్మీ వేసింది. “ఉమ్రా డబ్బు ముడతారా?” అని. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాతనే మిగిలిన మాటలు మొదలయ్యాయి. ఉమ్రా కోసం దాచిన సొమ్ము ముట్టకూడదు, అప్పు చేయకూడదు, బంగారం కుదువ పెట్టకూడదు. ఈ మూడు షరతులకూ లోబడి, పాడుకున్న చీటీ సొమ్ము, ఈ ఏడు అంబాజీపేటలో కొబ్బరికి కాస్త మంచి ధర పలకగా మిగిలిన సొమ్ము కలిపితే ఎంత వస్తుందో అంతలోనే ప్రయాణం ముగించాలి. పిల్లలు మాల్దీవులు అన్నారు. అది ముస్లిం దేశం, అందమైన దేశం; కానీ ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి చేరే ఖర్చే మా వంటివారికి భారం. శ్రీలంక అయితే చెన్నై నుంచి విమానంలో గంటన్నర కూడా పట్టదు. మన ఒక్క రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగా వస్తాయి.

రెండవ ప్రశ్న కాలం గురించి. శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. అంత చిన్న దేశంలోనే రెండు రుతుపవనాలు రెండు వైపులను పంచుకుంటాయి. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు పడమటి, దక్షిణ తీరాలను, కొండ ప్రాంతాన్ని తడుపుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య వానలు తూర్పు తీరానికి చేరతాయి. కనుక జనవరిలో వెళ్లేవారు ట్రింకోమలీ వైపు ఆశ పెట్టుకోకుండా పడమర, మధ్య ప్రాంతాలను ఎంచుకోవడం మేలు. తుపాను వస్తే కాలువ గట్లు తెగే నేల మీద పెరిగినవాళ్లం కనుక ఈ లెక్క మాకు సులువుగానే అర్థమయింది.

ఇక్కడి వరకు అందరిదీ ఒకే మాట. చిక్కు దారి దగ్గర వచ్చింది.

యాత్రలు నడిపే ఒక సంస్థవారు ఆరు రాత్రుల పథకం ఒకటి ఇచ్చారు. అందులో ప్రతి రాత్రికీ ఒక కొత్త హోటలు. సిగిరియా కొండ, క్యాండీ, నువర ఎలియ తేయాకు తోటలు, ఎల్లా, మిరిస్సా సముద్ర తీరం, కొలంబో, అన్నీ ఉన్నాయి. చదవడానికి బాగుంది. కానీ అక్కడి కొండదారుల్లో వంద కిలోమీటర్లు పోవడానికి మూడు గంటలు పట్టవచ్చు. మోకాళ్ల నొప్పితో ఉన్న అమ్మీ రోజూ ఉదయం పెట్టె సర్దుకొని, సాయంత్రం మరో చోట మెట్లెక్కాలి. కుటుంబ ప్రయాణాన్ని అందరిలోకీ నెమ్మదిగా నడిచే మనిషి అడుగుతో కొలవాలని మాకు అప్పుడే తోచింది. ఆదం శిఖరం మాట కూడా వచ్చింది. ఆదం అలైహిస్సలాం పాదముద్ర అక్కడ ఉందని ముస్లింలలో తరతరాలుగా ఒక నానుడి ఉన్నది. యాత్రికుడు ఇబ్నె బతూతా 1344లో ఆ ద్వీపానికి వచ్చి ఆ శిఖరాన్ని ఎక్కాడు. ఎత్తు 2,243 మీటర్లు, మెట్లు వేలలో ఉంటాయి. “దూరం నుంచి చూస్తే చాలదా?” అంది అమ్మీ నవ్వుతూ.

ఈ చర్చలన్నిటిలో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి మా ఆపా.

ఆపా పదకొండేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసింది. బావగారు పోయిన తరువాత, ఇద్దరు ఆడపిల్లలను అమ్మీకి అప్పగించి, ఒంటరిగా వెళ్లింది. ‘ఖాదిం వీసా’ అని మనవాళ్లు చెప్పుకొనేది అదే. పదకొండేళ్లలో నాలుగు సార్లు మాత్రమే ఇంటికి రాగలిగింది. ఆ సంపాదనతోనే పిల్లల నికాహ్‌లు జరిగాయి, మేమంతా కూర్చొని ప్రయాణాలు మాట్లాడుకుంటున్న ఈ ఇంటికి శ్లాబు పడింది. ఆమె తిరిగి వచ్చి నాలుగేళ్లయింది. విమానం శబ్దం వినిపిస్తే ఇప్పటికీ తల ఎత్తి చూడదు.

ఒక రాత్రి మా అమ్మాయి అడిగింది: “మీకేం చూడాలని ఉంది, ఫుప్పూ?”

“నేను రాను. మీరు వెళ్లి రండి. నేను చూడని సముద్రమా?” అంది ఆపా.

ఎవరమూ ఏమీ అనలేదు. కాసేపటికి తనే మళ్లీ అంది: “అక్కడ కురునేగల అని ఒక ఊరుంది.”

అప్పుడు చెప్పింది. కువైట్‌లో ఆమె పని చేసిన ఇంట్లోనే ఒక సింహళ స్త్రీ వంట చేసేది. ఆమె బౌద్ధురాలు. ఆపాకు సింహళం రాదు, ఆమెకు తెలుగూ ఉర్దూ రావు. ఇద్దరూ పనిలో నేర్చుకున్న అరబ్బీలోనే మాట్లాడుకొనేవారు. ఆపా నమాజుకు నిలబడితే పొయ్యి మీది గిన్నె ఆమె చూసుకొనేది. రమజాన్‌లో పొద్దుపోయే దాకా చాకిరీ చేసి నిద్రపోయిన ఆపాను సహరీకి తట్టి లేపింది కూడా ఆమేనట. ఇద్దరివీ కొబ్బరి తోటల ఊళ్లు. ఎండు కొబ్బరి పొడిని నీళ్లలో నానబెట్టి, మిరప, ఉల్లి, నిమ్మరసం కలిపి ఆమె చేసే ‘పోల్ సంబోల్’ రుచి మన పచ్చికొబ్బరి పచ్చడి కోసం ఆపాను ఏడిపించేదట. “నీ ఊరు వస్తాను, పచ్చి కొబ్బరితో చేసి పెట్టు” అని ఆపా మాట ఇచ్చింది. ఆమె ముందుగా స్వదేశం వెళ్లిపోయింది. ఇప్పటికీ పండుగ నాడు ఫోనులో ఒక ఫోటో పంపుతుంది.

ఇది విన్న మరునాడు మేము ఆ సంస్థవారిని అడిగాము. “కురునేగలలో చూడడానికేముందండీ? పథకంలో కుదరదు” అన్నారు. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. రెండు రోజులు ఒక పల్లెలో గడిస్తే మిరిస్సాలో తిమింగలాలు ఉండవు కదా! ఆపా కూడా పిల్లల పక్షమే. “నా కోసం వాళ్ల సరదా చెడగొట్టకండి” అంది. ఆ మాటతో అమ్మీకి కోపం వచ్చింది. “పదకొండేళ్లు నీ సరదా ఎవరి కోసం చెడిందే?” అని అడిగింది. అరుగు మీద ఎవరమూ కదల్లేదు. లోపల మా మరదలు కడుగుతున్న గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

తరువాత పిల్లలే పటం తెరిచారు. విమానాశ్రయం కటునాయకలో ఉంది, నెగొంబోకు పక్కన. అక్కడి నుంచి క్యాండీకి వెళ్లాలంటే కురునేగల మీదుగా కూడా పోవచ్చు. పైగా కురునేగల, పుత్తలం, గంపహ జిల్లాలు కలిసిన ప్రాంతాన్నే ఆ దేశంలో ‘కొబ్బరి త్రిభుజం’ అంటారు. చూడడానికేమీ లేదని సంస్థవారు అన్న చోటు మా కోనసీమకు చుట్టరికం ఉన్న చోటు! సిగిరియా కూడా అక్కడి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరమే.

అలా పథకం మారింది. మొదటి రాత్రి నెగొంబో. తరువాత రెండు రాత్రులు కురునేగల. అందులో ఒక రోజు తమ్ముడు పిల్లలను తీసుకొని సిగిరియాకు వెళతాడు. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కొండ మీద కట్టించిన కోట అది. ఆ రోజంతా ఆపా, అమ్మీ ఆ స్నేహితురాలి ఇంట్లో ఉంటారు. తరువాత క్యాండీలో రెండు రాత్రులు. పెరదేనియ ఉద్యానవనంలో అమ్మీ చెట్ల నీడన మెల్లగా నడవగలదు. అక్కడి నుంచి నాను ఓయ వరకు కొండల రైలు. ఎల్లా దాకా పోతే ఆరేడు గంటలు కూర్చోవాలి కనుక ఆ ఆశ వదులుకున్నాము. నువర ఎలియలో ఒక్క రాత్రి. ఆ ఊరు 1,868 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి రాత్రులు చలి. మన కోనసీమలో స్వెట్టరు అవసరం ఎవరికి పడింది కనుక! రాజమహేంద్రవరంలో కొనవలసి వచ్చింది. చివరి రాత్రి కొలంబో. మిరిస్సాను పిల్లలే తమ చేతులతో కొట్టివేశారు.

కొండల రైలులో ముందుగా కేటాయించే సీట్లు త్వరగా అయిపోతాయి. అమ్మకం మొదలైన రోజునే కొనాలి. లేదా నిలబడి వెళ్లడానికి సిద్ధపడాలి. పెద్దలతో అది కుదరదు.

ఆహారం గురించి బంధువులు చాలా మంది అడిగారు. ఆ దేశంలో 2012 జనగణన ప్రకారం నూటికి తొమ్మిది మందికి పైగా ముస్లింలు. వారిలో అధికుల భాష తమిళం. ముస్లింలు నడిపే భోజనశాలలు పట్టణాల్లో దొరుకుతాయి. కొండ ప్రాంతపు హోటళ్లలో అడిగి తినాలి. సందేహం ఉంటే కూరగాయలు, చేపలు ఉండనే ఉన్నాయి. కొబ్బరిపాల కూరలు, ఇడియాప్పం మన నోటికి కొత్తగా తోచవు. కొలంబోలో పేట్టా బజారు నడుమ ఎరుపు తెలుపు ఇటుకల జామిఉల్ అల్ఫర్ మసీదు ఉంది, 1909లో పూర్తయింది. బయలుదేరే రోజు నమాజు అక్కడ చేయాలని మా తమ్ముడి కోరిక. ప్రయాణికులకు ఖస్ర్ సౌకర్యం ఉంది కనుక రైలు, బస్సు వేళలను నమాజు వేళలతో సరిచూసి ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకున్నాము.

అక్కడివారి కష్టాలూ తెలుసుకొనే వెళ్తున్నాము. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాటి బాంబు దాడుల్లో ఎందరో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఏ పాపమూ ఎరుగని ముస్లింలు కూడా అనుమానపు చూపులను భరించారు. 2022లో పెట్రోలు కోసం, వంట గ్యాసు కోసం జనం రోజుల తరబడి బారులు తీరారు. అటువంటి చోట బేరమాడేటప్పుడు చివరి పది రూపాయల కోసం పట్టుబట్టకూడదని పిల్లలకు చెప్పాము.

చివరిగా కాగితాల సంగతి. ఆపా పదో తరగతి వరకు చదవలేదు కనుక ఆమె పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ వర్గంలో ఉంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లే ఇటువంటివారు ముందుగా ప్రభుత్వపు వలస అనుమతి పొందాలి. విహారానికి వెళ్లేవారికి అది అక్కరలేదు. పైగా శ్రీలంక ఆ జాబితాలోనే లేదు. ఇది తెలియక చాలా ఇళ్లలో, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి పాస్‌పోర్టు ఇక దేనికీ పనికిరాదని మూల పడేస్తున్నారు. గడువు చూసుకోండి. ఆరు నెలలకన్నా తక్కువ ఉంటే ముందే కొత్తది తీయించండి.

కిందటి శుక్రవారం మా అమ్మాయి అందరి దరఖాస్తులూ కంప్యూటరులో నింపింది. ఆపా పక్కనే కూర్చుంది. ‘ప్రయాణ ఉద్దేశం’ అన్న గడి దగ్గర అమ్మాయి ఆగి, “ఏం వ్రాయను, ఫుప్పూ?” అని అడిగింది. ఆపా చాలాసేపు ఆ తెర వంక చూసింది. “చుట్టం చూపు అని వ్రాయవచ్చా?” అంది. ఆ గడిలో ఆ మాట లేదు. ‘విహారం’ అన్నదే ఎంచుకున్నాము. ఒంటరిగా వెళ్లిన మనిషి ఈసారి తల్లితో, తమ్ముళ్లతో వెళుతున్నది.

స్నేహితురాలి కోసం ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లాలని ఆపా నిర్ణయించింది. అవి నలగకుండా ఎలా తీసుకెళ్లాలా అని ఇప్పుడు ఆలోచిస్తున్నది. రేకు డబ్బాలో పెట్టి చేతిలోనే పట్టుకుంటానంటోంది. పెట్టెలో వేయడానికి ఒప్పుకోవడం లేదు.

ప్రయాణం తలపెట్టిన పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఊళ్ల పేర్లు వ్రాసుకొనే ముందు, ఇంట్లో ఇంతవరకు ఏమీ అడగని మనిషి ఎవరో చూసి, వారిని అడగండి. ఒకసారి అడిగితే చెప్పకపోవచ్చు. మళ్లీ అడగండి. మా ప్రయాణం క్షేమంగా సాగాలని దుఆ చేయండి.