పొరలు కలిపేముందు

ఈసారి వార్షికోత్సవ సంచిక అట్టబొమ్మ పని మా గది వంతుకు వచ్చింది. చేతికి సంచిక అందాక మీకు కనిపించేది ఒక్క బొమ్మే. మాకు మాత్రం అది తొమ్మిది పొరలు. అడుగున రంగు, దానిమీద హాస్టల్ భవనం, వరండాలో పిల్లలు, వారి ముందు వంటగది పెద్దమ్మ, ఆమెకు ముందు వేపచెట్టు, అన్నిటికీ పైన సంచిక పేరు. ట్రేసింగ్ కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. ఒకదాన్ని జరిపినా, తీసేసినా మిగతావి చెదరవు.

పెద్దమ్మ పోయిన వేసవిలో కాలం చేసిందని సీనియర్లలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆమెకు విడిగా ఫోటో లేదు. ఒక పాత గ్రూపు ఫోటోలో చివరన, ఒక భుజం స్తంభం చాటున పెట్టుకుని నిలబడి ఉంది. రెండు రాత్రులు కూర్చుని, జుట్టు అంచు వెంబడి గీత గీసి ఆమెను వేరుచేశాం. కనిపించని భుజాన్ని ఊహించి గీయడానికి మాకు మనసొప్పలేదు. అందుకే వేపచెట్టు మొదలును ఆమె ముందుకు తెచ్చాం.

ప్రెస్సు ఆయన మా ఫైలు చూసి, “ఈ పొరలన్నీ నాకెందుకు బాబూ, కలిపేసి జేపెగ్ ఇవ్వండి” అన్నాడు. ఆయన అడిగిందీ న్యాయమే. అన్నీ కలిపితే అక్షరాలు కూడా చుక్కలైపోతాయి, ఇక ఆయన కంప్యూటర్లో మన తెలుగు ఫాంటు ఉందా లేదా అన్న బెంగ ఉండదు. కాని జేపెగ్‌లో పొరలు ఉండవు. పులిహోర కలిపాక పసుపును వేరుచేయలేనట్టే, అందులోంచి చెట్టును తీసి చూడలేం. ఖాళీగా వదిలిన చోట కూడా ఏదో ఒక రంగు నిండుతుంది. పైగా అది బొమ్మను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గళ్లుగా చేసి, కన్ను పట్టని వివరాన్ని వదిలేస్తుంది. సవరించి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఏదీ పోకూడదంటే టిఫ్ మేలు, ఖాళీ చోటు ఖాళీగానే ఉండాలంటే పీఎన్‌జీ.

మేము వాడింది గింప్. డబ్బులు కట్టనక్కరలేదు. 1995లో బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టిన పని అది. (వాళ్లూ హాస్టల్లో ఉండేవాళ్లో ఏమో!) 2012లో వచ్చిన 2.8 నుంచి అందులో ‘సేవ్’ అంటే పొరలతో ఉన్న ఎక్స్‌సీఎఫ్ ఫైలే. జేపెగ్ కావాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కాలి. ఈ పద్ధతి విసుగని కొందరంటారు గాని మాకు నచ్చింది. అట్టను ఏ4 కొలతలో, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 2480 అడ్డం 3508 నిలువు పెట్టి ప్రెస్సుకు జేపెగ్ పంపాం. అసలు ఫైలు హాస్టల్ కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉంచాం.

వారం తిరక్కుండానే పెద్దమ్మ కూతురు వచ్చి, “అమ్మ ఫోటో ఒక్కటి ఇస్తారా బాబూ” అని అడిగింది. భవనాన్ని, పిల్లలను, పేరును కనబడకుండా చేసి, వెనుక లేత నీలం రంగు ఒక పొర వేసి, స్టూడియో కోసం మరో జేపెగ్ తీశాం. భుజం సంగతి చెప్పి, చెట్టు ఉండిపోయిందని కాస్త మొహమాటంగానే చేతికిచ్చాం.

“ఉండనీయండి బాబూ, అమ్మ దానికిందే కదా కూరగాయలు తరిగేది” అంది.