మీరజాలగలడా ఎవరిది?

జూన్ 9, తెనాలి

ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటుంటే డీటీపీ కుర్రాడు పకపకా నవ్వాడు. తెర మీద ఒక వాక్యం: ఆమె ఎర్ర కిరణ్‌క తొడుక్కుంది. హీరో పేరు రవి. దాన్ని కిరణ్ చెయ్యమని ఒక్క మీట నొక్కేసరికి రవికలన్నీ కిరణ్‌కలైపోయాయి.

రాసింది డిగ్రీ చదివే పిల్ల. ఒక సినిమా ముగిసిన చోటు నుంచి అందులోని జంట చేత నూట ఎనభై పేజీల కాపురం చేయించింది. ఫోన్లో వారం వారం పెడితే జనం ఎగబడి చదివారట. ఇప్పుడు పుస్తకం వేస్తుంది.

"పేర్లు మార్చేశాను కదండీ మాస్టారూ, ఇంకేం గొడవ ఉండదుగా?"

ఇ.ఎల్. జేమ్స్ పేరు కూడా తనే ఎత్తింది. ట్వైలైట్ జంట మీద ముచ్చటపడి రాసుకున్న కథకి పేర్లు మార్చి 2011లో ఫిఫ్టీ షేడ్స్‌గా వేస్తే కోట్ల కాపీలు పోయాయి. నిజమే. నాకు జవాబు తోచలేదు. రేపు రమ్మన్నాను.

జూన్ 10

ప్లీడరు మిత్రుడు 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పాడు. ఆర్.జి. ఆనంద్ తన హమ్ హిందుస్తానీ నాటకాన్ని న్యూ ఢిల్లీ సినిమాగా తీసేశారని కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే. రెండూ చూసినవాడికి ఇది దానికి నకలే అనిపిస్తే తప్పు, కొత్తదనిపిస్తే కాదు.

చిక్కంతా అక్కడే ఉంది. చదివేవాళ్లు రవిని పోల్చుకోవాలనే కదా ఈ పిల్ల రాసింది! పోల్చుకోవడంలోనే వాళ్లకి మజా. పేరు మార్చినా హీరో చొక్కా చెయ్యి మడిచే తీరు సినిమాలోదే.

జూన్ 12, బాపట్ల

పెళ్లికొచ్చాను. ఆర్కెస్ట్రావాళ్లు మీరజాలగలడా ఎత్తుకున్నారు. పక్కాయన జమున పాట అన్నాడు. 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం సినిమాలో తెర మీద జమునే. కానీ పాట రాసింది ఈ ఊళ్లో పుట్టిన స్థానం నరసింహారావు. శ్రీకృష్ణ తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావుది. అందులో సత్యభామ వేషం కట్టే స్థానం తన పాత్రకి తనే పాట రాసుకున్నాడు. ఇవాళ ఆ నాటకం పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆ పాటే.

పరాయి కథలో చెయ్యి పెట్టడం మనకి కొత్త కాదని పిల్లకి చెబుదామనుకున్నాను. మళ్లీ ఆలోచిస్తే, స్థానం నాటకం పేరు మార్చలేదు, నాటకం నాదనీ అనలేదు. స్థానం 1971లో పోయారు. రచయిత పోయాక అరవై ఏళ్లంటుంది చట్టం కాబట్టి ఆ పాట మీద హక్కు 2031 దాకా బతికే ఉంటుంది. ఆర్కెస్ట్రావాళ్లకి ఈ సంగతి ఎవరు చెబుతారు!

జూన్ 14, రేపల్లె బండి

వేమూరు దాటింది. తెనాలి చక్రపాణి గురించే ఆలోచన. బెంగాలీ రచయిత శరత్ నవలల్ని ఆయన ఎంత తెలుగు చేశాడంటే శరత్ తెలుగువాడే అనుకున్నారు చాలామంది. అయినా అట్ట మీద శరత్ పేరు చెరపలేదు. తెనాలిలోనే త్రిపురనేని రామస్వామి శంబుకవధ రాసి రామాయణాన్నే తలకిందులు చేశాడు. అక్కడ అడగాల్సిన హక్కుదారు లేడు, రాముణ్ణి రాముడనే పిలిచాడు. ఇద్దరూ దాచుకోలేదు. పేరు మార్చడమంటే దాచడమే.

రేపల్లెలో దిగి పిల్లకి ఫోన్ చేశాను. సినిమావాళ్లని అడిగి, ఒప్పుకుంటే వాళ్ల పేరు వేసి అచ్చెయ్యి. అడగలేనంటే సినిమా గుర్తొచ్చే ప్రతి పేజీ తీసెయ్యి అన్నాను. "అలాగైతే ఏం మిగుల్తుంది మాస్టారూ?" అంది.

జూన్ 21, తెనాలి

అరవై నాలుగు పేజీలు మిగిలాయి. అందులో హీరో లేడు. హీరోయిన్ తల్లి ఉంది, ఐతానగర్‌లో కుట్టుమిషన్ పెట్టుకుని. రవికలు రవికలుగానే ఉన్నాయి.