కాడి బరువు

టెక్సాస్‌లో వున్న మా బావగారు రోజూ ఆఫీసుకి పోవడానికీ, సెలవుల్లో అక్కనీ పిల్లల్నీ ఎక్కించుకుని క్యాంపరు లాక్కుపోవడానికీ ఒకే పికప్ ట్రక్కు కొనాలని చూస్తున్నారు. క్యాంపరంటే చక్రాల మీద యిల్లే. బరువు 2,700 కిలోలు. ఆ ట్రక్కు 4,000 లాగుతుందన్నాడట అమ్మేవాడు.

ఫోను పక్కనే కూర్చున్న నాన్న, "లాగుడు సరేరా, కాడి మీద ఎంత పడుద్ది?" అన్నాడు.

నాన్న చదివింది ఐదో తరగతి, ఎడ్లబండి తోలింది యిరవయ్యేళ్ళు. బండి ముందుకు మొగ్గితే ఎద్దు మెడ కుంగుతుంది, వెనక్కి మొగ్గితే కాడే పైకి లేస్తుంది. క్యాంపరు బరువులోనూ నూటికి 10 నుంచి 15 వంతులు ట్రక్కు కొక్కెం మీద పడాలి. తగ్గితే తోకలా వూగి ట్రక్కునే తిప్పేస్తుంది. అంటే 270 నుంచి 405 కిలోలు. డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో మనుషులూ సామానూ కలిసి 650 మించరాదని వుందట. కొక్కెం బరువూ అందులోంచే పోవాలి. నలుగురు మనుషుల్ని కలిపి మీరే లెక్క వేయండి.

ఇంకా పెద్ద ట్రక్కు కొనొచ్చు. దాని స్ప్రింగులు గట్టివి, ఖాళీగా నడిపితే రోజూ నడుం కుదుపే.

"ఎడ్లని మార్చడమెందుకు? తేలిక బండి చూసుకోమను," అన్నాడు నాన్న.

బావగారిప్పుడు 1,600 కిలోల క్యాంపరు వెతుకుతున్నారు. అందులో వంటగది చాలదని అక్క గొడవ.